రొట్టె మానండి, దొంగ రొట్టె చేయకండి

ఫిలడెల్ఫియా చీజ్‌స్టేక్‌లోంచి రొట్టె తీసేస్తే ఇంకేం మిగులుతుందని మా ఇంట్లో పిల్లలు అడుగుతుంటారు. మాంసం మిగులుతుంది, ఉల్లిపాయ మిగులుతుంది, చీజ్ మిగులుతుంది. ఆ మూడూ పద్ధతిగా వండితే ఇంకేమీ అక్కర్లేదు. కానీ ఇప్పటి కుర్రకారు ఆ మూడింటి జోలికే వెళ్లరు. రొట్టె తీసేసిన మరుక్షణం దాని స్థానంలో ఇంకో రొట్టెను నిలబెట్టే పనిలో పడతారు. బాదంపిండి, మోజరెల్లా, క్రీమ్ చీజ్, గుడ్లు, ఇసబ్‌గోల్, జాంతన్ గమ్ అంటూ పొద్దున్నుంచీ ఆ ముద్ద పిసకడంతోనే సరిపోతుంది. మాంసం వంతు వచ్చేసరికి ఓపిక అయిపోతుంది. ఫ్రీజరులోంచి తీసిన ప్యాకెట్టును అలాగే పెనం మీద కుమ్మరించి, ఊరిన నీళ్లలోనే ఉడకనిచ్చి, బూడిదరంగు ముక్కల మీద ఇంత చీజ్ తురుము చల్లి, "తాతా, నీ కోసమే లో-కార్బ్ చేశాం, తిను" అంటారు. ప్రేమతో చేశారు, కాదనను. కానీ అది చీజ్‌స్టేక్ కాదు.

మా రోజుల్లో ఇలా ఉండేది కాదు. నేను సికింద్రాబాద్ నుంచి ఈ ఫిలడెల్ఫియాకు వచ్చింది 1970ల్లో. మా ఇంట్లో పెద్దకూర చిన్నప్పటి నుంచీ ఉన్నదే కనుక చీజ్‌స్టేక్ నాకు వింత కాలేదు. అది తినని మనవాళ్లు పుట్టగొడుగులూ ఉల్లిపాయలూ చీజ్ పెట్టించుకుని తినేవాళ్లు. వాళ్ల పాలిటి చికెన్ చీజ్‌స్టేక్ ఊరంతా పాకింది ఆ తర్వాతే. రాత్రి డ్యూటీ దిగి సౌత్ ఫిలడెల్ఫియాలో తొమ్మిదో వీధీ పాస్యుంక్ అవెన్యూ కలిసే మూలకు వెళ్తే అర్ధరాత్రి కూడా పట్టపగల్లా ఉండేది. ఒక పక్క పాట్స్ అనే చీజ్‌స్టేక్ కొట్టు, ఎదురుగా 1966లో వెలిసిన దాని పోటీ కొట్టు జీనోస్. 1930లో పాట్ ఒలివియేరి అనే ఇటాలియన్ కుటుంబపు మనిషి హాట్ డాగ్ బండి దగ్గర, కసాయి కొట్టు నుంచి తెచ్చిన గొడ్డుమాంసాన్ని ఉల్లిపాయలతో వేయించి, ఇటాలియన్ రోల్‌లో పెట్టుకుని తనే తినబోతుంటే, అటుగా వచ్చిన టాక్సీ డ్రైవరు వాసన పట్టి నాకూ ఒకటి కావాలన్నాడని చెబుతారు. అప్పటికి అందులో చీజే లేదు. అది తర్వాత చేరింది. చీజ్ విజ్ అనే డబ్బా చీజ్ అయితే 1950ల్లో గానీ బజారుకే రాలేదు.

ఆ కొట్ల ముందు వరసలో నిలబడేవాళ్లు ఎవరనుకున్నారు? టాక్సీవాళ్లు, రేవులో బరువులెత్తేవాళ్లు, పోలీసులు, నేవీ యార్డులో ఓడలకు రేకులు అతికేవాళ్లు. షిఫ్టంతా ఇనుముతో కుస్తీపట్టి వచ్చిన మనిషికి ఆ రొట్టెలోని పిండి లెక్కలోకి రాదు. పొద్దున మళ్లీ పనిలోకి దిగితే కరిగిపోయేది. ఆ నౌకానిర్మాణ కేంద్రం 1996లో మూతపడింది. తిండి మాత్రం అదే కొలతలో ఉండిపోయింది. ఇప్పుడు అదే మూల దగ్గర కార్లలోంచి దిగేవాళ్లలో ఎక్కువమంది రోజంతా కుర్చీలో కూర్చుని వచ్చినవాళ్లే. వాళ్లు రొట్టె వద్దనుకుంటే నేను తప్పుపట్టను. నాకూ షుగరే. నా వయసువాళ్లు మన తెలుగు సభల్లో ఎక్కడ కూడినా పిల్లల పెళ్లిళ్ల కబుర్ల కంటే ముందు మూడు నెలల షుగరు లెక్క ఎంతొచ్చిందన్న మాటే వస్తుంది.

ఇక వరసలో నిలబడ్డాక ఒక్క ఊపిరిలో చెప్పాలి: ఎన్ని కావాలి, ఏ చీజ్, ఉల్లిపాయ ఉండాలా వద్దా. "వన్ విజ్ విత్", అంటే ఒకటి, చీజ్ విజ్‌తో, ఉల్లిపాయతో. అంతే. తడబడితే వెనక్కి వెళ్లి మళ్లీ నిలబడాల్సిందే. 2003లో అధ్యక్ష పదవికి పోటీలో ఉన్న జాన్ కెర్రీ పాట్స్ దగ్గర స్విస్ చీజ్ అడిగాడని ఊరూవాడా ఆటపట్టించింది. అంతటి పట్టుదల ఉన్న చోట ఇప్పుడు కొన్ని కొట్లలో గాజు అద్దం ముందు నిలబడి "రోల్ వద్దు, గిన్నెలో వెయ్యండి, ఉల్లిపాయ వద్దు, నూనె వద్దు, చీజ్ సగమే" అని అయిదు నిమిషాలు బేరమాడతారు. వద్దన్నవన్నీ పోగా ప్లాస్టిక్ గిన్నెలో చేతికొచ్చేది తడి మాంసం. దానికి రోల్‌తో సహా ఇచ్చేదానికంటే ఎక్కువ ధర.

పెనం దగ్గర పని చూడటానికే నేను వరసలో ముందుకు జరిగేవాణ్ని. రిబై అని పక్కటెముకల దగ్గరి మాంసం, మధ్యలో కొవ్వు చారలున్నది. దాన్ని తమలపాకు మందాన కోసి ఉంచేవారు. పెద్ద ఇనప పెనం మీద ఒక మూల ఉల్లిపాయలు సన్నసెగన మగ్గుతూనే ఉండేవి. రెండో మూల మాంసం పరిచి, రంగు తిరిగాక రెండు అట్లకాడలతో తిరగేసేవారు. జీనోస్ వాళ్లు ముక్కల్ని ముక్కలుగానే ఉంచుతారు. జిమ్స్ లాంటి కొట్లలో అట్లకాడలతో టకటక నరికి పొడిపొడిగా చేస్తారు. ఏది గొప్పదన్న తగువు ఈ ఊళ్లో తెగేది కాదు. నేను మాత్రం నరికినదాని పక్షం. చీజ్ ప్రతి ముక్కకూ అంటుతుంది.

రొట్టె చేసే పని కూడా తెలుసుకోవాలి, తెలియకుండా తీసేస్తే వంట పాడవుతుంది. ఆ రోల్ పైపొర పల్చగా సాగుతూ ఉంటుంది, లోపల మెత్తగా ఉంటుంది. ఒక పక్క అతుక్కుని ఉండేలా నిలువునా చీలుస్తారు. మాంసంలోంచి కారే రసాన్నీ కరిగిన కొవ్వునూ ఆ లోపలి మెత్తదనం తాగేస్తుంది. అందుకే అంత నూనె ఉన్న తిండి చేతిలో పట్టుకుని, నిలబడి, ముందుకు వంగి తినగలిగేవాళ్లం. 100 గ్రాముల తెల్ల రొట్టెలో 50 గ్రాముల దాకా పిండిపదార్థం ఉంటుంది. ఒక పెద్ద రోల్ ఇంచుమించు అంత బరువు తూగుతుంది. తీసేయాల్సిందే అయితే తీసేయండి. కానీ ఆ రసం ఎటు పోవాలో ముందే ఆలోచించండి. గిన్నెలో అడుగున మడుగు కట్టేది ఆ ఆలోచన లేకనే.

రొట్టె మానమని చెప్పడం ఇవాళ పుట్టిన సంగతేమీ కాదు. 1863లో లండన్‌లో విలియం బాంటింగ్ అనే శవపేటికల వ్యాపారి రొట్టె, చక్కెర, బీరు, బంగాళాదుంపలు తగ్గించి సన్నబడి, ఆ సంగతి చిన్న పుస్తకంగా అచ్చువేశాడు. ఒక చిన్న కాల్చిన రొట్టెముక్క మాత్రం తినేవాడు, దాన్ని దాచలేదు. 1972లో డాక్టర్ అట్కిన్స్ పుస్తకం వచ్చింది. 2003, 2004 నాటికి ఈ దేశంలో ఎక్కడ చూసినా ఆ మాటే. మన రెండు రాష్ట్రాల్లో వీరమాచనేని రామకృష్ణ గారి పేరుతో అన్నం, రొట్టె మాని కొబ్బరినూనె తాగే పద్ధతి ఇంటింటికీ వెళ్లింది. అక్కడి మా బంధువులు ఫోన్ చేసి "అన్నయ్యా, నువ్వూ మొదలుపెట్టు" అని పోరేవాళ్లు. ఇన్సులిన్ వేసుకునేవాళ్లూ షుగరు దించే మాత్రలు వాడేవాళ్లూ మాత్రం డాక్టరుకు చెప్పకుండా ఒక్కసారి పిండి మానకూడదు. మందు పాత మోతాదులోనే ఉండి తిండి తగ్గితే షుగరు ప్రమాదకరంగా పడిపోతుంది. ఈ ఒక్క జాగ్రత్త ఎవరూ పెద్దగా చెప్పరు, అందుకే చెబుతున్నాను.

దొంగ రొట్టె కూడా కొత్తది కాదు. 19వ శతాబ్దంలో ఫ్రాన్స్‌లో బుషార్దా అనే వైద్యుడు షుగరు రోగుల కోసం గోధుమపిండిలోంచి పిండిపదార్థం కడిగేసి మిగిలిన జిగురుతో రొట్టె చేయించాడు. ఇన్సులిన్ మనుషులకు అందింది 1922లో. అంతకుముందు రోగికి తిండి తగ్గించుకోవడం తప్ప దారి లేదు. ఆ జిగురు రొట్టెను నేను గౌరవిస్తాను. ఇప్పుడు బజారులో దొరికే లో-కార్బ్ రోల్స్‌లో కూడా ఆ జిగురే ఎక్కువ, దాంతోపాటు ఓట్ పీచు, మార్చిన గోధుమ స్టార్చి. ప్యాకెట్టు మీద పెద్ద అక్షరాలతో, పీచు వగైరా తీసేయగా మిగిలిన 'నెట్ కార్బ్స్' అంకె వేస్తారు. ఆ లెక్కకు ఈ దేశపు ఆహార శాఖ నిర్వచనమే ఇవ్వలేదు. కంపెనీ తన ఇష్టం వచ్చినట్టు తీసేసుకున్న అంకె అది. అదే రోల్ తిన్నాక ఒకరి షుగరు కదలదు, ఇంకొకరిది ఎగబాకుతుంది. మీటరు పెట్టి చూసుకోకుండా ఆ అంకెను నమ్మి రెండు తినేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. రుచి సంగతి వేరే చెప్పాలా? నమిలితే రబ్బరులా సాగుతుంది, మాంసం రసాన్ని తాగదు, పక్కకు తోసేస్తుంది.

నేను చేసుకునే తీరు ఇది. రిబై ముక్కను ముప్పావుగంట ఫ్రీజరులో పెడితే బిగుసుకుంటుంది, కానీ రాయి కాదు. అప్పుడు పదునైన కత్తితో ఎంత పల్చగా కావాలంటే అంత పల్చగా తెగుతుంది. మందపాటి ఇనప పెనాన్ని బాగా కాలనిచ్చి, ఒకేసారి అంతా వేయకుండా, పిడికెడు పిడికెడుగా పరచాలి. గుంపుగా వేస్తే నీరూరి ఉడుకుతుంది. ఇళ్లలో సగం పాడుచేసేది ఇక్కడే. రంగు తిరిగాక ఉప్పు, మిరియాలు. మాంసం పక్కకు తీసి, పెనంలో మిగిలిన రసాన్ని చిక్కబడే దాకా మరగనిచ్చి, మళ్లీ మాంసంలో కలిపేయాలి. రొట్టె తాగాల్సిన రసాన్ని ఇలా మాంసమే తాగుతుంది. పిండీ గమ్మూ ఏమీ అక్కర్లేదు. పైన ప్రొవలోన్ చీజ్ పలకలు పరిచి, మంట కట్టేసి, అర నిమిషం మూత పెట్టాలి. మంట మీదే ఉంచితే ఘాటు ప్రొవలోన్ విరిగి నూనె తేలుతుంది. డబ్బాలోని విజ్ వద్దు, అందులో మాల్టోడెక్స్ట్రిన్ ఉంటుంది.

పట్టుకుని తినాలనే కోరిక ఉంటే పచ్చ క్యాప్సికం సగానికి కోసి, ముందే ఓవెన్‌లో కాల్చి, బోర్లించి నీరు కారనిచ్చి, అందులో నింపండి. 100 గ్రాములకు 5 గ్రాములలోపే పిండిపదార్థం. క్యాప్సికం పెట్టడం ఈ ఊరి పాతకాపులకు నచ్చదు, బయటివాళ్ల అలవాటంటారు. వాళ్లు చెప్పేది రోల్ ఉన్నప్పటి మాట, ఇక్కడ రోల్ లేదు కదా. లెట్యూస్ ఆకు మాత్రం వద్దు, వేడి తగలగానే వాలిపోయి మోచేతుల దాకా కారుతుంది. నేనైతే పళ్లెంలోనే పెట్టుకుని, ఇటాలియన్ మార్కెట్‌లో దొరికే లాంగ్ హాట్స్ అనే పొడుగు పచ్చిమిరపకాయల్ని నూనెలో వేయించి ఉప్పు చల్లి పక్కన వేసుకుంటాను. ఎప్పుడు ఎంత కారం ఉంటుందో తెలియదు, అది మనకు కొత్తేం కాదు.

ఉల్లిపాయ విషయంలో మాత్రం నేను ఎవరి మాటా వినను. "నాన్నా, దాంట్లో కార్బ్స్ ఉన్నాయి, మానేయ్" అంటుంది మా అమ్మాయి. ఉన్నాయి. 100 గ్రాముల ఉల్లిపాయలో 9 గ్రాములు. పళ్లానికి చిన్న ఉల్లిపాయ సగం వేస్తే నాలుగు గ్రాములు మించదు. రొట్టె దగ్గర 50 గ్రాములు వదులుకున్న మనిషి ఈ నాలుగు గ్రాముల దగ్గర చేయి బిగించడం ఏమిటి? లో-కార్బ్ వంటల్లో దీనికి బదులు ఉల్లిపొడి చల్లమంటున్నారు. ఆ పొడి ఎండబెట్టిన ఉల్లిపాయే, తూకానికి తూకం చూస్తే పచ్చి ఉల్లిపాయ కంటే దాంట్లోనే పిండిపదార్థం ఎన్నో రెట్లు ఎక్కువ. వాసన మాత్రం రాదు. ఒలివియేరి బండి దగ్గర టాక్సీ డ్రైవరును ఆపింది మాంసమూ ఉల్లిపాయా కలిసి వేగే వాసనే, అప్పటికి చీజే లేదు. కనుక మాంసం ఫ్రీజరులో పెట్టగానే ఉల్లిపాయ తరిగి, కాస్త ఉప్పేసి, సన్నసెగ మీద ఇరవై నిమిషాలు తీరిగ్గా మగ్గనివ్వండి. చక్కెర వేయకండి, రంగు దానంతటదే వస్తుంది.