మధ్యలో ఇంగ్లీషు

హైదరాబాద్ తార్నాకలోని ఇఫ్లూ విశ్వవిద్యాలయంలో జర్మన్ ఆనర్స్ చదివినన్నాళ్లూ నేను చేసిన తెలివితక్కువ పని ఒకటుంది. జర్మన్‌ని ఇంగ్లీషు మీదుగా నేర్చుకున్నాను. పుట్టినప్పటి నుంచీ మాట్లాడే తెలుగును తరగతి గది బయటే వదిలేశాను. అలా వదిలేయమని నాకెవరూ చెప్పలేదు. వ్యాకరణం చెప్పే మేడమ్ అయితే, మీ ఇంట్లో ఈ మాట ఎలా అంటారో ఒకసారి అనుకుని చూడండి అనేవారు కూడా. నేనే వినిపించుకోలేదు. 1972లో ఇంగ్లీషుతో పాటు విదేశీ భాషలు చేరినప్పటి నుంచీ దేశం నలుమూలల పిల్లలూ వచ్చి చదువుకునే చోటది. మలయాళీలు, బెంగాలీలు, మణిపురీలు పక్కపక్కన కూర్చునే ఆ గదిలో తెలుగులో ఆలోచిస్తే వెనకబడిపోతానని భయపడ్డాను. పదో తరగతి దాకా తెలుగు మీడియం. ఇంగ్లీషే నాకు ఇంకా పూర్తిగా పట్టుబడలేదు. అలాంటి ఇంగ్లీషు మీద ఆధారపడి మరో భాష నేర్చుకోబోయాను.

బాచుపల్లి నుంచి మియాపూర్‌కి షేర్ ఆటో, అక్కడ మెట్రో, అమీర్‌పేటలో రైలు మారితే తార్నాక. దారి పొడుగునా నా చేతిలో అట్టముక్కలు ఉండేవి. ఒకవైపు జర్మన్ మాట, రెండోవైపు ఇంగ్లీషు అర్థం. ఒక్క అట్ట మీద కూడా తెలుగు అక్షరం రాసుకోలేదు.

నన్ను బాగా ఏడిపించింది వాక్యంలో క్రియ చోటు. జర్మన్‌లో కారణమో షరతో చెప్పే ఉపవాక్యం వస్తే, అందులో క్రియ చివరికి పోతుంది. నేను ముందు మొత్తం ఇంగ్లీషు వరసలో పేర్చుకుని, ఆ తర్వాత క్రియను ఎత్తి చివర పెట్టేదాన్ని. కాగితం మీద ఎలాగో నడిచేది. నోటితో మాట్లాడాల్సి వస్తే సగం వాక్యంలో ఆగిపోయేదాన్ని. పొద్దున లేస్తే క్రియను చివర పెట్టి మాట్లాడే మనిషిని, జర్మన్‌లో క్రియ చివరికి వెళ్తే దారి తప్పానంటే దానికి కారణం జర్మన్ కాదు.

సాహిత్యం దగ్గర ఇంకా నష్టపోయాను. కాఫ్కా రాసిన, 1915లో అచ్చయిన ‘రూపాంతరం’ మాకు పాఠ్యం. నేను ఇంగ్లీషు అనువాదం చదివి పరీక్ష రాశాను, మార్కులూ వచ్చాయి. గ్రెగర్ సాంసా తెల్లారి లేచేసరికి పెద్ద పురుగైపోయి ఉన్నాడని చెప్పే మొదటి వాక్యం జర్మన్‌లో ఎలా నడుస్తుందో గమనించనేలేదు. తెల్లారడం, పీడకలలు, పరుపు, పురుగు అన్నీ వరసగా వచ్చాక, ‘మారిపోయి’ అన్న క్రియారూపం చిట్టచివరి మాటగా వస్తుంది. అంతదాకా చదివేవాడు ఊపిరి బిగబట్టాల్సిందే. నేను చదివిన ఇంగ్లీషులో ఆ మాట ముందే వచ్చేసింది. మన తెలుగులో ఆ వాక్యాన్ని చెప్పుకుని చూస్తే క్రియ తనంతట తానే చివర కూర్చుంటుంది. చదువుకునే రోజుల్లో ఒక్కసారైనా అలా చెప్పుకుని చూడలేదు.

తెలుగుకూ జర్మన్‌కూ ఏ సంబంధమూ లేదనుకోవడం ఇంకో తప్పు. 1719లో తరంగంబాడికి వచ్చిన జర్మన్ మతబోధకుడు బెంజమిన్ షుల్జ్ తర్వాత మద్రాసు చేరి తెలుగు నేర్చుకున్నాడు. 1728లో లాటిన్‌లో తెలుగు వ్యాకరణం రాశాడు. స్వదేశం వెళ్లిపోయాక 1746-47లో హాలె నగరంలో తెలుగు అక్షరాలు పోతపోయించి క్రైస్తవ పుస్తకాలు వేయించాడు. తెలుగులో తొలి అచ్చు పుస్తకాలు అవే. హాలె ఎక్కడుందో పటంలో చూపించగలిగిన నాకు ఈ సంగతి డిగ్రీ చేతికొచ్చాక గానీ తెలియలేదు. అదీ అచ్చు చరిత్ర గురించి ఒక తెలుగు వ్యాసం కంటపడితే. తెలుగు విశ్వవిద్యాలయం ప్రాంగణం మా బాచుపల్లిలోనే ఉంది. ఆ గేటు ముందు నుంచే వెళ్తూ వస్తూ, లోపల నాకు పనికొచ్చేదేముంటుంది అనుకున్నాను. ఇది తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఇప్పుడు హైటెక్ సిటీలో జర్మన్ ఇన్వాయిస్‌లు, ఉత్తరాలు చూసే ఉద్యోగం నాది. మా అపార్ట్‌మెంట్‌లోనే ఖమ్మం వైపు నుంచి వచ్చిన స్టాఫ్ నర్సు ఒకమ్మాయి ఉంటుంది. జర్మనీ వెళ్లాలని ఆశ. నర్సులకు అక్కడ మంచి గిరాకీ ఉంది, మన రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ కూడా జర్మన్ నేర్పించి పంపుతోంది. సాయం చేయమని అడిగితే నా పాత అట్టముక్కలు తీశాను. రెండు అట్టలు చూసి, “అక్కా, ఈ ఇంగ్లీషు నాకు అడ్డమొస్తోంది. తెలుగులో చెప్పండి” అంది.

చెప్పబోతే నాకే నోరు పెగల్లేదు. క్యాలెండర్ కాగితం వెనక ‘జ్వరం వచ్చింది కాబట్టి డ్యూటీకి రాలేదు’ అని రాసి, కింద జర్మన్ రాశాను. కారణం చెప్పే ముక్కలో క్రియల మీద ఆ అమ్మాయి వేలు పెట్టి, “మనలాగే చివర పెడతారన్నమాట” అంది. తర్వాత రోగులు చెప్పుకునే బాధలకు వచ్చాం. నాకు చలేస్తోంది, నాకు వికారంగా ఉంది, నాకు కళ్లు తిరుగుతున్నాయి. జర్మన్ రోగి కూడా ‘నాకు’ అనే మొదలుపెడతాడు. మీర్ ఇస్ట్ కాల్ట్, మీర్ ఇస్ట్ యూబెల్, మీర్ ఇస్ట్ ష్విండ్లిష్. ఇంగ్లీషులో ‘నేను’తో మొదలుపెట్టడం అలవాటు చేసుకుని, ఇలాంటివన్నీ మినహాయింపుల జాబితాగా నేను బట్టీ పట్టాను. ఆ అమ్మాయికి అసలు జాబితాయే అక్కర్లేకపోయింది.

అన్నిటికీ తెలుగు సాయం రాదు, నిజమే. ఏ నామవాచకానికి ఏ లింగమో చెప్పే డేర్, డీ, డాస్ బట్టీ పట్టాల్సిందే. ప్రధాన వాక్యంలో క్రియ రెండో చోట ఉండాలి. ఆ అమ్మాయి దాన్నీ చివరికి తోసేస్తుంది, నేను దిద్దుతాను. ఎక్కడ తెలుగు దారిన పోవచ్చో, ఎక్కడ ఆగాలో ఇద్దరం కలిసి గుర్తులు పెట్టుకుంటున్నాం. జర్మన్ బీ2 స్థాయి పరీక్ష అయిపోయాక కాఫ్కా మొదటి పేజీ జర్మన్‌లోనే ఆమెతో చదివించాలని ఉంది. ఆ మొదటి వాక్యం చివరి మాట దాకా వచ్చినప్పుడు ఆమె ఏమంటుందో నాకు వినాలనుంది.