తిరిగి తెచ్చి చూడని బ్యాకప్

నా తెలివితక్కువతనం వల్ల నష్టపోయింది నేనొక్కణ్నే అయితే ఇది రాయాల్సిన పని ఉండేది కాదు. మాది పుస్తకాలు, కరపత్రాలు, శుభలేఖలు కంపోజ్ చేసే చిన్న డీటీపీ సెంటర్. ఊళ్లోని కవులు, రిటైరైన టీచర్లు తమ రాతప్రతులు తెచ్చి నా చేతిలో పెట్టేవారు. ప్రూఫులు దిద్ది, మళ్లీ దిద్ది, అన్ని కరెక్షన్లూ పూర్తయ్యాక ఆ పుస్తకం తుదిరూపం ఉండేది నా కంప్యూటర్ హార్డ్ డిస్కులోనే. వాళ్ల శ్రమంతా ఒక్క డిస్కు మీద ఉందని తెలిసి కూడా దాన్ని కాపాడే పనిని నేను అశ్రద్ధగా చేశాను.

మా పనిలో ఫైళ్లు మాత్రమే దాచుకుంటే చాలదు. మాలో చాలామంది పేజీలు కూర్చడానికి ఇంకా పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేరే వాడుతున్నారు. దాని చివరి వెర్షన్, ఏడోది, 2001లో వచ్చింది. అందులో మేం వాడే పాత 'అను' ఫాంట్లు యూనికోడ్ కావు. ఇంగ్లిష్ అక్షరాలకూ గుర్తులకూ కేటాయించిన స్థానాల్లోనే తెలుగు అక్షరాలనూ, గుణింతాలనూ, వొత్తులనూ ముక్కలుగా ఉంచుతాయి. ఆ ఫాంటు లేని సిస్టమ్‌లో ఫైలు తెరిస్తే పద్యం ఉండాల్సిన చోట పిచ్చి గుర్తులు కనిపిస్తాయి. ఫాంట్లు, కీబోర్డు సాఫ్ట్‌వేర్, పాత విండోస్, ప్రింటర్ సెట్టింగులు అన్నీ ఉన్నవి ఉన్నట్టు తిరిగి రావాలి. విండోస్ నడుస్తుండగా సీ డ్రైవ్‌ను మామూలుగా కాపీ చేస్తే ఆ కాపీ బూట్ కాదు. బూట్ అయ్యే భాగంతో సహా డిస్కు మొత్తానికి ఉన్నదున్నట్టు నకలు, అంటే ఇమేజ్, తీసిపెట్టుకోవడమే మార్గం. అంతవరకూ నేను సరిగ్గానే ఆలోచించాను.

ఉచితంగా దొరికేవాటిలో క్లోన్‌జిల్లా మంచిదని విన్నాను. తైవాన్‌లోని నేషనల్ సెంటర్ ఫర్ హై పెర్ఫార్మెన్స్ కంప్యూటింగ్ అనే సంస్థలో పుట్టిన సాఫ్ట్‌వేర్ అది. పెన్‌డ్రైవ్‌లో వేసి బూట్ చేశాను. తెర నిండా అక్షరాలే, మౌస్‌తో పని లేదు. సీ, డీ అని అలవాటైన పేర్లకు బదులు ఎస్‌డీఏ, ఎస్‌డీబీ అని డిస్కుల పేర్లు కనిపించాయి. ఒకదానికి బదులు ఇంకొకటి ఎంచుకుంటే ఉన్నది కాస్తా పోతుందని భయమేసింది. నిదానంగా చదివి నేర్చుకోవాల్సింది పోయి, ఆ పెన్‌డ్రైవ్ తీసేసి విండోస్‌లోనే నడిచే ఇంకో సాఫ్ట్‌వేర్ ఉచిత ఎడిషన్ వేసుకున్నాను. దాని తెర అందంగా ఉంది, రోజూ తనంతట తానే బ్యాకప్ తీస్తానంది, పని పూర్తవగానే పచ్చటి టిక్కు చూపించింది. దాన్ని ఎంచుకోవడానికి నాకున్న కారణాలు ఇవే.

కంప్యూటర్ లేవనప్పుడు బూట్ చేయడానికి రెస్క్యూ డిస్కు తయారుచేసుకోమని అది అడిగితే తర్వాత చూద్దామని దాటేశాను. ఇమేజ్ ఎక్కడ పెట్టాలని అడిగితే డీ డ్రైవ్ చూపించాను. అసలు మూర్ఖత్వం అక్కడుంది. ఫార్మాట్ కొడితే సీ పోతుంది, డీ భద్రంగా ఉంటుందని మనందరికీ అలవాటైపోయిన నమ్మకం. విండోస్ పాడైనప్పుడు అది నిజమే. కానీ సీ, డీ రెండూ ఒకే డిస్కు మీద చేసిన భాగాలు. డిస్కే చచ్చిపోతే రెండూ కలిసే పోతాయి.

డిస్కు చచ్చిపోయింది. టక్ టక్‌మని చప్పుడు మొదలై, సిస్టమ్ దాన్ని గుర్తించడమే మానేసింది. ఎప్పుడో బయటి డిస్కులోకి తీసిన పాత ఇమేజ్ ఒకటి ఉందని గుర్తొచ్చి ప్రాణం లేచొచ్చింది. వేరే కంప్యూటర్‌లో తెరిస్తే సగంలో ఎర్రర్ చూపించి ఆగిపోయింది. ఆ ఇమేజ్ సరిగ్గా ఉందో లేదో తీసిన రోజు నుంచి నేను ఒక్కసారి కూడా పరీక్షించలేదు.

పోయినవాటిలో ఒక తెలుగు మాస్టారి పద్యశతకం ఉంది. మర్నాడు దానికి అచ్చు కోసం ట్రేసింగ్ తీయాలి. రాతప్రతి ఆయన దగ్గరే ఉన్నా, ప్రూఫుల్లో ఆయన మార్చిన యతులు, కొత్తగా చేర్చిన పాదాలు నా దగ్గర తప్ప ఇంకెక్కడా లేవు. విషయం చెప్పడానికి ఇంటికి వెళ్లాను. "మాస్టారూ, మీ పుస్తకం పోయింది, తప్పు నాది" అన్నాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. "గుర్తున్నంతవరకు మళ్లీ రాస్తాను నాయనా. కానీ అప్పుడు కుదిరినట్టు ఇప్పుడు కుదరాలిగా" అన్నారు. మళ్లీ రాశారు, పుస్తకం వచ్చింది. కొన్నిచోట్ల మొదటి పాఠమే బాగుండేదని ఆయన నా ముందే అన్నారు. ఆ పాఠాన్ని నేను తిరిగి ఇవ్వలేను.

పెద్ద సంస్థలకూ ఇలాంటిది జరిగిందని తర్వాత చదివాను. 2017 జనవరి 31న, ప్రోగ్రామర్లు తమ కోడ్ దాచుకునే గిట్‌ల్యాబ్ అనే సంస్థలో ఒక ఇంజినీరు ఒక సర్వర్ అనుకుని ఇంకో సర్వర్‌లోని డేటాబేస్ చెరిపేశాడు. రోజూ బ్యాకప్ తీయాల్సిన ఏర్పాటు వెర్షన్ తేడా వల్ల ఎప్పుడో విఫలమైంది, హెచ్చరిక ఈమెయిళ్లు ఎవరికీ చేరలేదు. సుమారు ఆరు గంటల ముందు వేరే పని కోసం తీసిన నకలు ఒకటి ఉండబట్టి గట్టెక్కారు. ఆ సంస్థ ఇదంతా దాచకుండా బయటపెట్టింది. అది చదివాకే నా తప్పు నాకు స్పష్టంగా అర్థమైంది. బ్యాకప్ ఎంత సులువుగా తీస్తుందో చూసి సాఫ్ట్‌వేర్ ఎంచుకున్నాను. కంప్యూటర్ లేవని రోజున దాన్ని ఎలా తిరిగి తెస్తుందో చూడలేదు.

ఆ దృష్టితో చూస్తే నేను భయపడి వదిలేసిన క్లోన్‌జిల్లాయే నాకు తగినది. పెన్‌డ్రైవ్ నుంచే నడుస్తుంది కాబట్టి విండోస్ చచ్చిపోయినా అది పనిచేస్తుంది. డేటా ఉన్న బ్లాకులనే కాపీ చేస్తుంది కనుక ఇమేజ్ చిన్నదవుతుంది. తీసిన వెంటనే ఆ ఇమేజ్ తిరిగి వాడటానికి పనికొస్తుందో లేదో పరీక్షించే వీలుంది. డిస్కు పేరు పక్కనే సైజు, మోడల్ చూపిస్తుంది, పాతది చెరిపేముందు ఒకటికి రెండుసార్లు అడుగుతుంది. మౌస్ కావాలనుకునేవారికి రెస్క్యూజిల్లా ఉంది. అది క్లోన్‌జిల్లా ఇమేజ్‌లనూ తెరుస్తుంది. ఒక్క విషయం గుర్తుంచుకోవాలి: కొత్త డిస్కు మామూలుగా పాతదానంత లేదా అంతకంటే పెద్దది అయ్యుండాలి. 500 జీబీ డిస్కు ఇమేజ్‌ను 480 జీబీ ఎస్‌ఎస్‌డీలోకి దింపబోతే ఒప్పుకోదు.

కంపెనీలు ఉచితంగా ఇచ్చేది ఎప్పుడైనా ఆపేయొచ్చు. ఎంతోమంది నమ్ముకున్న మాక్రియం రిఫ్లెక్ట్ ఉచిత ఎడిషన్‌కు 2024 మొదట్లో మద్దతు ముగిసింది. విండోస్‌లోనే ఉన్న సిస్టమ్ ఇమేజ్ బ్యాకప్‌ను ఇక అభివృద్ధి చేయబోమని మైక్రోసాఫ్ట్ 2017లోనే చెప్పింది. సోర్స్ కోడ్ అందరికీ అందుబాటులో ఉన్న క్లోన్‌జిల్లా వంటివాటిని ఎవరో ఒకరు నిలబెట్టుకోవచ్చు. ఇప్పుడు పనిచేస్తున్న వెర్షన్‌ను నేను నా దగ్గరే దాచుకోవచ్చు. పాత ఫాంట్లతో, పాత విండోస్‌తో బతికే మాకు ఇది చాలా అవసరం.

ఇప్పుడు ఇమేజ్‌లు రెండు బయటి డిస్కుల్లో ఉంటాయి. ఒకటి సెంటర్‌లో, రెండోది ఇంట్లో. పని అయిపోగానే కేబుల్ తీసేస్తాను, ఎందుకంటే తగిలించి ఉన్న డిస్కును కూడా రాన్సమ్‌వేర్ తాళం వేసేస్తుంది. కొత్త ల్యాప్‌టాప్‌లో డిస్కును ఎన్‌క్రిప్ట్ చేసే బిట్‌లాకర్ ఉంది కాబట్టి దాని 48 అంకెల రికవరీ కీని కాగితం మీద రాసిపెట్టాను. పూర్తయిన ప్రతి పుస్తకాన్నీ పీడీఎఫ్‌గా తీసి రచయితకే ఇచ్చేస్తున్నాను.

మీ కంప్యూటర్‌లో వేరేవాళ్ల పని ఉంటే నాదొక మనవి. ఏ సాఫ్ట్‌వేర్ అయినా వాడండి. ఖాళీగా ఉన్న డిస్కు ఒకటి తెచ్చి, మీ ఇమేజ్‌ను అందులోకి దింపి, అసలు డిస్కు విప్పేసి, ఈ డిస్కుతో సిస్టమ్ ఆన్ చేయండి. మీ పాత ఫైలు ఒకటి తెరిచి, అక్షరాలు సరిగ్గా వచ్చాయేమో చదివి చూడండి. వస్తేనే మీ దగ్గర బ్యాకప్ ఉన్నట్టు లెక్క.