ఎర్ర పెట్ట

2025 మార్చిలో అమెరికాలో డజను గుడ్ల సగటు ధర 6 డాలర్ల 23 సెంట్లకు చేరింది. బర్డ్ ఫ్లూ వల్ల గుడ్లు పెట్టే కోళ్ళు కోట్ల సంఖ్యలో పోయాయి. మేత దుకాణాల్లోకి కోడిపిల్లలు వచ్చే రోజున జనం తెల్లవారకముందే వెళ్ళి వరసలో నిలబడేవారు. సియాటిల్‌లో ఉండే సత్తెనపల్లి అబ్బాయి ఒకతను అలాగే నిలబడి నాలుగు పిల్లల్ని తెచ్చుకున్నాడు.

ఏ పనైనా తెలుసుకుని చేసే మనిషి. పెరట్లో గూడు తనే కట్టాడు. కోళ్ళ వల అని దుకాణాల్లో అమ్మేది కోడిని బయటికి పోకుండా ఆపుతుంది గాని, రకూన్ అనే జంతువును లోపలికి రాకుండా ఆపలేదు. రకూన్ ఆ సన్న తీగను చింపేస్తుంది. అందుకని అరంగుళం కన్నుల ఇనుప జాలీ తెచ్చి చుట్టూ బిగించాడు. తవ్వుకుని వచ్చే జంతువుల కోసం దాన్ని నేలలోకి అడుగు లోతు దించాడు. రకూన్ మామూలు గడియను వేళ్ళతో తీసేస్తుందని తెలిసి తలుపుకు రెండు గడియలు పెట్టి, పై గడియకు కొక్కెం తగిలించాడు. ఆ గూటి మీద గద్ద వాలిందే తప్ప లోపలికి ఏదీ రాలేదు.

జూన్‌లో నాలుగింటిలో ఒకటి కూసింది. పెట్టేదో పుంజేదో తేల్చి పంపే హేచరీల్లో కూడా అప్పుడప్పుడూ లెక్క తప్పుతుంది. సియాటిల్‌లో 2010 నుంచి పుంజును పెంచకూడదు. దాన్ని ఊరవతల ఒక ఫారంలో ఇచ్చి వచ్చాడు. ఆగస్టులో ఎర్ర పెట్ట తొలి గుడ్డు పెట్టింది.

అదే నెల రెండో వారంలో తల్లి వచ్చింది. కోళ్ళు ఆమె చేతి కిందికి వెళ్ళాయి.

ఊళ్ళో అయితే సాయంత్రం గంప కమ్మి పైన రాయి పెడితే పని అయిపోయినట్టే. ఇక్కడ పని ఎక్కువ. చిన్న గుంపే అయినా కోళ్ళకు ఆదివారం లేదు. పొద్దున్నే గూడు తెరవాలి, నీళ్ళు మార్చాలి, రెట్ట ఎత్తాలి, పెంకు గట్టిపడటానికి ఆల్చిప్పల పొడి వేరే గిన్నెలో పెట్టాలి. సాల్మొనెల్లా భయం ఉంది కాబట్టి గూట్లోంచి రాగానే సబ్బుతో చేతులు కడుక్కోవాలి. కొడుకు ఇవన్నీ తెలుగులో రాసి ఫ్రిజ్‌కు అంటించాడు. ఆమె ఒక్కరోజు, ఒక్క పని తప్పలేదు.

పెట్టలు ఆగకుండా గుడ్లు పెట్టాలంటే రోజుకు దాదాపు 14 గంటల వెలుగు కావాలి. నవంబరు మధ్యకల్లా సియాటిల్‌లో పగలు తొమ్మిది గంటల చిల్లరకు తగ్గిపోతుంది. కొడుకు గూట్లో బల్బు పెట్టి, దానికి టైమర్ బిగించాడు.

ఆ రోజుల్లో ఆమె భోజనం దగ్గర అప్పడం తీసి కొడుకు పళ్ళెంలో వేసేది. తను మజ్జిగన్నం మెత్తగా పిసుక్కుని నిదానంగా తినేది. ఇంట్లో బిర్యానీ చేసుకున్నది లేదు గాని లవంగాల సీసా ఖాళీ అయింది. కోడలు ఇండియన్ స్టోర్ నుంచి ఇంకొకటి తెచ్చింది. అదీ సగానికి వచ్చింది.

నవంబరు మూడో వారంలో ఒక సాయంత్రం ఎర్ర పెట్ట మేతకు రాలేదు. తోక దించుకుని, ఈకలు ఉబ్బించుకుని ఓ మూల నిలబడి ముక్కుతోంది. తల్లి దాని పొట్ట కింద చెయ్యి పెట్టి చూసింది.

“గుడ్డు అడ్డం పడింది నాయనా” అంది.

కొడుకు దాన్ని గోరువెచ్చని నీళ్ళలో కూర్చోబెట్టాడు. తువ్వాలులో చుట్టి హీటర్ దగ్గర పెట్టాడు. రాత్రంతా గంటగంటకూ లేచి చూశాడు. గుడ్డు దిగలేదు. ఇంకో రోజు ఇలాగే గడిస్తే పెట్ట దక్కదు.

తెల్లవారగానే ఫోన్లు మొదలుపెట్టాడు. కుక్కల్నీ పిల్లుల్నీ చూసే డాక్టర్లు ఎక్కడైనా దొరుకుతారు, కోడిని చూసేవాళ్ళే తక్కువ. నలభై మైళ్ళ దూరంలో ఒకరు రమ్మన్నారు. ఆఫీసుకు సెలవు పెట్టాడు. తల్లి వెనక సీట్లో పెట్టను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

డాక్టరు ఎక్స్‌రే తీసింది. ఎప్పట్నుంచి తినటం లేదని అడిగింది.

“నిన్న సాయంత్రం ఐదింటి నుంచి” అన్నాడు కొడుకు.

ఇంత త్వరగా కనిపెట్టి తెచ్చేవాళ్ళు తక్కువని డాక్టరు మెచ్చుకుంది. కోళ్ళు నొప్పిని పైకి కనబడనీయవనీ, జబ్బుగా ఉన్న పక్షి మీదనే శత్రువు కన్ను పడుతుంది కాబట్టి ఓపిక ఉన్నంతసేపు మామూలుగానే తిరుగుతాయనీ చెప్పింది. దగ్గరుండి సాకేవాళ్ళే చిన్న మార్పును పట్టుకోవాలంది. కొడుకు శ్రద్ధగా విన్నాడు. తల్లికి ఇంగ్లీషు రాదు కాబట్టి ఆ మాటలన్నీ ఆమెకు తెలుగులో చెప్పాడు. ఆమె తల ఊపింది.

క్యాల్షియం ఇంజెక్షన్ ఇచ్చి పెట్టను వెచ్చటి పెట్టెలో ఉంచారు. రెండు గంటలకు గుడ్డు వచ్చింది. నొప్పికి మందు రాసిచ్చి, అది వాడినన్నాళ్ళూ, ఆపాక చెప్పిన గడువు దాటేదాకా దాని గుడ్లు తినవద్దన్నారు. బిల్లు 540 డాలర్లు. కొడుకు కార్డు ఇచ్చాడు. ప్రాణం కంటే డబ్బు ఎక్కువా అన్నాడు.

తిరుగు దారిలో పెట్ట ఆమె ఒళ్ళో నిద్రపోయింది. సగం దూరం వచ్చాక ఆమె బుగ్గన ఉన్న లవంగాన్ని తీసి కాగితంలో చుట్టింది.

“నాయనా, ఈ కుడి దవడ పన్ను కూడా ఒకసారి ఎవరికైనా చూపిస్తావా? నెలన్నర నుంచి రాత్రిళ్ళు నిద్ర పట్టటం లేదు.”

“ఇక్కడ పళ్ళ డాక్టరంటే వందల్లో పోదమ్మా. నీకు తీసుకున్న ఇన్సూరెన్సులో పళ్ళు లేవు. ఊరెళ్ళాక గుంటూరులో చూపించుకుందువుగాని.”

ఆమె తిరుగు టికెట్టు ఫిబ్రవరి 4న.