దిద్దుబాటు శాఖ, రోలుగుంట

రోట్లో తల పెట్టాక రోకటిపోటుకు వెరవకూడదంటారు. రోలుగుంటలో నలుగురి మధ్య ఇంగ్లీషు మాట్లాడదలచినవాడు ఈ సామెతను ముందుగానే వల్లెవేసుకోవాలి. నర్సీపట్నం బస్సు కోసం నిలబడ్డ కుర్రాడు ఫోన్లో "ఐ డిడ్ నాట్ వెంట్" అన్నాడో లేదో, టీ బడ్డీ బల్ల మీంచి ఓ పెద్దమనిషి లేస్తాడు. "ఒరే, వెంట్ కాదురా, గో!" ఈలోగా బస్సు మాత్రం వెంట్.

దిద్దేవారికి జీతం లేదు, సెలవూ లేదు. పెళ్లికార్డు చేతికిస్తే ముందు స్పెల్లింగులు చూసి, ఆనక పెళ్లి ఎవరిదో చూస్తారు. "డిస్కస్ అబౌట్" వినబడితే ప్రాణం విలవిల్లాడుతుంది. 'గురించి' లేకుండా చర్చించడం తెలుగువాడికి అలవాటా? ఇంగ్లీషులోని 'ఏ', 'ద' లాంటివి మన వాక్యంలో లేనేలేవు. అందుకే కొందరు అన్నిచోట్లా తగిలిస్తారు, కొందరు ఎక్కడా పెట్టరు. ఈ సంగతి విడమరిచి చెబితే గురువు. మనవారికి తప్పు పట్టడంతోనే పొద్దు చాలదు.

పైగా వీరి చెవి మనిషిని బట్టి వింటుంది. కూలివాడి కొడుకు "కజిన్ బ్రదర్" అంటే ఘోరం. అదే మాట ఆఫీసరుగారు అంటే ఇండియన్ ఇంగ్లీషు!

ఈ జబ్బు మనకొక్కరికే లేదు. తర్వాతి రోజుల్లో లండన్ బిషప్పయిన రాబర్ట్ లౌత్, 1762లో ఇంగ్లీషు వ్యాకరణం రాసి షేక్‌స్పియర్‌కీ మిల్టన్‌కీ తప్పులు పట్టాడు. పోనీ, ఆయన పట్టింది పెద్దల తప్పులు.

మన ఉత్తరాంధ్ర గిడుగు రామమూర్తిగారూ దిద్దినవారే. గ్రాంథికం తప్ప రాయరాదని గర్జించిన పండితుల రాతల్లోంచే గ్రాంథిక వ్యాకరణ దోషాలు ఏరి వారి ముందు పోశారు. అదే మనిషి సవర గిరిజనుల దగ్గర కూర్చుని వారి భాష నేర్చుకున్నారు, దానికి వ్యాకరణమూ నిఘంటువూ రాశారు, సవర పిల్లలకు వాచకాలు తయారుచేశారు. పెద్దల్ని దిద్దారు, పిల్లలకు నేర్పారు. మనవారు చేసేది సరిగ్గా దీనికి తలకిందులు: పిల్లల్ని దిద్దుతారు, పెద్దల ముందు చేతులు కట్టుకుంటారు.

కాబట్టి అయ్యలారా, ఒక మనవి. జరిగిపోయిన కాలాన్ని 'డిడ్' ఒక్కటే మోస్తుంది గనక 'వెంట్' మళ్లీ మోయనక్కర్లేదని ఆ కుర్రాడికి నెమ్మదిగా చెప్పండి. రెండు నిమిషాల పని. అంత ఓపిక లేకపోతే, ఆఫీసరుగారి ఇంగ్లీషుకు పెట్టే దణ్ణమే వాడి ఇంగ్లీషుకూ పెట్టండి.