వైకికీ అలల మీద కనూ: చెవిన పెట్టకూడని సలహాలు

హవాయి వెళ్లిన మనవాళ్లు వైకికీ తీరంలో అవుట్‌రిగ్గర్ కనూ (పక్కన తేలే దుంగ కట్టిన పొడవాటి పడవ) ఎక్కి అలల మీద జారి రావాలని ముచ్చటపడుతుంటారు. పడవలో అలలెక్కడం హవాయి జనానికి తరతరాల విద్య. అది అంతరించిపోకూడదనే 1908లో అలెగ్జాండర్ హ్యూమ్ ఫోర్డ్ పూనుకుని అక్కడ అవుట్‌రిగ్గర్ కనూ క్లబ్ పెట్టించాడు. ఒలింపిక్ ఈతగాడు డ్యూక్ కహనమోకు కూడా ఆ అలల మీద పెరిగినవాడే. వైకికీలో అలలు విరిగే ఒక చోటుకు 'కనూస్' అనే పేరు.

ఎక్కేముందు తలా ఒక సలహా ఇస్తారు. అందులో చాలావాటికి ఒకటే జబ్బు: ఇదేదో ఒంటరి సాహసం అనుకోవడం. అలాంటివి కొన్ని ఇవి.

"బలమైనవాళ్లను ఎక్కించుకుంటే చాలు"

చాలదు. తెడ్లన్నీ ఒకేసారి నీళ్లలో దిగాలి, ఒకేసారి లేవాలి. మొదటి సీటులో కూర్చున్నవారు వేసే లయే అందరి లయ. ఎంత కండబలం ఉన్నా, ఆ లయకు అర క్షణం ముందో వెనకో వేసే తెడ్డు పడవ ఊపును చెడగొడుతుంది. చేతులతో లాగకండి. నడుము తిప్పి, ముందుకు సాగి, తెడ్డు ఆకు మొత్తం ముంచి, తుంటి దగ్గరికి రాగానే తీసేయండి. 'హట్... హో' అని కేక వినబడగానే అందరూ కలిసి తెడ్డును రెండో పక్కకు మార్చాలి.

"పక్కన తేలే దుంగ ఉందిగా, బోల్తా పడదు"

ఆ దుంగను హవాయిలో అమా అంటారు. పడవకు ఎడమవైపు ఉంటుంది. దాన్ని పడవకు కలిపే రెండు అడ్డకర్రలు ఇయాకోలు. పడవ ఎడమకు ఒరిగితే అమాకున్న తేలే గుణం ఆపుతుంది. కుడికి ఒరిగితే మాత్రం ఆపేది దాని బరువు ఒక్కటే, అది చాలా తక్కువ. అమా నీళ్లలోంచి లేస్తే పడవ కుడివైపుకు తిరగబడుతుంది. దాన్ని హులీ అంటారు. అమా పైకి లేస్తున్నట్టు అనిపిస్తే అందరూ ఎడమకు వాలాలి, ఇయాకో దగ్గర కూర్చున్నవారు దాని మీద చెయ్యి ఆనించి బరువు వెయ్యాలి. కుడి అంచు పట్టుకుని బయటికి తొంగి చూడడం అన్నిటికన్నా ప్రమాదం.

"అల వస్తోందో లేదో వెనక్కి చూసుకుంటూ ఉండు"

వెనక్కి చూడాల్సింది సరంగు ఒక్కడే. చివర కూర్చుని చుక్కాని తెడ్డు పట్టుకునేది అతనే. అలలు గుంపులుగా వస్తాయి. ఏది ఎక్కాలో, ఏది వదిలేయాలో అతను తేలుస్తాడు. మీరు మెడ తిప్పితే ఒళ్లూ తిరుగుతుంది, లయ తప్పుతుంది, పడవ ఒరుగుతుంది. అతను కేక వేయగానే బలమంతా పెట్టి తెడ్డు వేయండి. మొదట పడవ వెనక కొస లేస్తుంది, ముక్కు దిగుతుంది. పడవ ఇంకా అలకు దొరకలేదు, అక్కడ సడలితే అల కిందనుంచి జారిపోతుంది. ఆ నాలుగైదు తెడ్లే అసలైనవి.

"అల దొరికాక ఇంకా గట్టిగా వెయ్యి"

పడవ దానంతటది పరుగందుకున్నాక సరంగు మాటే వినండి. ఆపమంటే ఆపాలి. అతను తెడ్డును పడవ పక్కకు అదిమిపెట్టి, పడవను అల వాలు వెంట అడ్డంగా తిప్పుతాడు. ముక్కు నీళ్లలోకి దిగబడుతుంటే ముందున్నవాళ్లు వెనక్కి వాలాలి. మీ సొంత తెలివి చూపించడానికి అది సమయం కాదు.

"అడ్డమొచ్చినవాళ్లే తప్పుకుంటారు"

ఆరుగురు కూర్చునే కనూ 40 అడుగులకు పైగా పొడుగు, మనుషులు లేకుండానే 180 కిలోల దాకా బరువు. అల మీద దానికి బ్రేకులు లేవు. ముందు ఈతగాళ్లో సర్ఫింగ్ బల్లలో కనిపిస్తే ఆ అల వదులుకోవాలి. ఎంత మంచి అలైనా సరే.

"తిరగబడితే ఒడ్డుకు ఈదెయ్"

ఒడ్డు దగ్గరగానే కనిపిస్తుంది, అందుకే ఈ మాట నమ్మబుద్ధేస్తుంది. ముందు తలలు లెక్కపెట్టాలి, ఒక్కరు తగ్గినా వెతకాలి. పడవను పట్టుకునే ఉండాలి, అయితే సముద్రం వైపు నుంచి. పడవకూ ఒడ్డుకూ మధ్య ఉంటే తర్వాతి అల పడవను మీ మీదికే విసురుతుంది. తెడ్లు పోగు చేసుకుని, సరంగు చెప్పినట్టు పడవను తిరగేసి, నీళ్లు తోడిపోసుకోవాలి.

ఈత రానివాళ్లు ఈ అలల్లోకి వెళ్లకండి. ఈత వచ్చినవాళ్లు ఎక్కేముందు సరంగును మూడు ప్రశ్నలు అడగండి: కేకలేమిటి, ఎటు వాలాలి, హులీ అయితే ఎవరు ఏం చెయ్యాలి? ఇసుక మీదే నిలబెట్టి ఈ మూడూ ఓపిగ్గా చెప్పేవాడి పడవే ఎక్కండి. చెప్పడానికి విసుక్కునేవాడి పడవ, ఎంత చవగ్గా దొరికినా, వద్దు.