ఇరవై మూడు కిలోల గూడెం

మా అక్కా బావగారూ టోక్యో వెళ్తున్నారన్న కబురు తాడేపల్లిగూడెంలో వాళ్ల వీధి దాటకముందే ఏలూరులో మా ఇంటికి రెండు పొట్లాలు చేరాయి. ఒకటి బావగారి పిన్ని పంపిన సున్నుండలు. రెండోది ఎవరు పంపారో తెలీదుగాని, అందులో ఏముందో విప్పకుండానే మా వీధి వీధంతటికీ తెలిసిపోయింది. కొల్లేటి ఎండురొయ్యలు. మా మేనల్లుడు టోక్యోలో మనవాళ్లు ఎక్కువగా ఉండే నిషికసాయ్‌లో కాపురం పెట్టాడు. అక్కా బావా మూడు నెలలు ఉండొద్దామనుకున్నారు. ఊళ్లోవాళ్లు మాత్రం ఖాళీ పెట్టెలు వెళ్తున్నాయనుకున్నారు.

మన పశ్చిమ గోదావరిలో ఫారిన్ వెళ్లేవాణ్ణి ప్రయాణికుడని ఎవరూ అనుకోరు. వాడొక లారీ. వెళ్లేటప్పుడు ఇక్కడి లోడు, వచ్చేటప్పుడు అక్కడి లోడు. మధ్యలో డ్రైవరు భోంచేశాడా లేదా అన్నది ఎవరికీ పట్టదు.

సామాను సంగతి తర్వాత, ముందు కాగితాలు. అక్క పుట్టింది కైకలూరులో. పుట్టినప్పుడు అది కృష్ణా జిల్లా, 2022 ఏప్రిల్ 4 నుంచి ఏలూరు జిల్లా. మెట్టింది గూడెం. అది పశ్చిమ గోదావరిలోనే ఉంది, కానీ జిల్లా కేంద్రం ఏలూరు నుంచి భీమవరానికి పోయింది. అరవై ఏళ్లలో ఆవిడ నిడదవోలు దాటి వెళ్లిన సందర్భాలు తక్కువ. ఆవిడ కదలకపోయినా జిల్లాలు కదిలాయి. అన్నిటికంటే గమ్మత్తైన కాగితం జపాన్ వీసాకి అడిగే దినచర్య పట్టిక. అక్కడున్నన్నాళ్లూ ఏ తేదీన ఎక్కడుంటారో, ఏం చేస్తారో వరుసగా రాసివ్వాలి. పెన్ను నా చేతిలో ఉంది, బావగారు పడక్కుర్చీలో ఉన్నారు.

"సోమవారం ఏం చేస్తారు బావగారూ?"

"ఏం చేస్తానోయ్, పేపరు చదువుతాను."

"తెలుగు పేపరు అక్కడ రాదండీ."

"అయితే రాలేదని కూర్చుంటాను. రాసుకో."

అలా రాస్తే వీసా ఎలా ఇస్తారని, మంగళవారం గుడి, బుధవారం మ్యూజియం, గురువారం ఉదయం పార్కులో నడక అంటూ నేనే నింపేశాను. బావగారు ప్రతి పేజీ చదివి సంతకంతో సమానంగా తలూపారు. ఒకప్పుడు ప్రభుత్వోద్యోగి ఆయన. కాగితం మీద పడిందంటే ఆయనకి అది శాసనం.

ఈ పట్టిక అడిగే దేశం తన జనాన్ని ఎలా బయటికి పంపుతుందా అని నాకో కుతూహలం. యుద్ధం తర్వాత సామాన్య జపానీయుడు సరదాగా విదేశం వెళ్లడానికి 1964 ఏప్రిల్ 1 దాకా వీల్లేదు. ఆ రోజు తలుపులు తీసినా ఏడాదికి ఒక్కసారే, మనిషికి 500 డాలర్లే అన్నారు. మనకి ఇందులో నవ్వడానికేం లేదు, ఆ రోజుల్లో మనవాళ్లు ఎనిమిది డాలర్లు జేబులో పెట్టుకుని అమెరికాలో దిగేవారు. 1979లో వాళ్లకి 'చిక్యూ నో అరుకికతా' అనే గైడు పుస్తకాలు మొదలయ్యాయి. ఏ ఊళ్లో ఏ బస్సెక్కాలో, ఎక్కడ జేబు జాగ్రత్తగా చూసుకోవాలో అన్నీ అందులో ఉంటాయి. మనకి ఆ పుస్తకం పని ఎదురింటాయన చేస్తాడు. ఆయన ఎప్పుడూ ఏ దేశమూ వెళ్లలేదు, అయినా సలహా చెప్పని దేశం లేదు.

గూడెంలో సూట్‌కేసు తూచడం ఒక ఘట్టం. మనిషికి రెండు పెట్టెలు, పెట్టెకి 23 కిలోలు. బాత్రూం కాటా మీద పెట్టె పెడితే అంకె కనపడదు, మనిషి పెట్టె పట్టుకుని ఎక్కితే నడుం పడుతుంది. అంచేత బావగారి స్నేహితుడి కొట్టుకి, ఉల్లిపాయల మార్కెట్‌కి తీసుకెళ్లాం. కర్నూలు ఉల్లి బస్తాలు ఎక్కే కాటా మీద కొత్త ఎర్ర సూట్‌కేసు ఎక్కింది. ముఠా కుర్రాళ్లు చుట్టూ మూగారు. ఇరవై ఏడున్నర. గుమస్తా పుస్తకం తీసి, చెవి మీద పెన్ను అందుకుని, అలవాటు కొద్దీ అడిగాడు:

"తరుగు ఎంత తీయమంటారండీ?"

విమానాలవాళ్లు తరుగు తీయరని చెబితే వాడు నొచ్చుకున్నాడు. ఇంత పెద్ద వ్యాపారంలో తరుగు లేకపోవడమేమిటండీ అన్నాడు.

నాలుగున్నర కిలోలు తీయాలి. అక్కడే ఉల్లి బస్తాల మధ్య పెట్టె తెరిచాం. అక్క ముందు బావగారి స్వెట్టర్ తీసింది. తర్వాత ఆయన బూట్లు. ఆవకాయ డబ్బా మీద నా చెయ్యి పడబోతుంటే "అది కదిపావంటే నేనూ కదలను" అంది. చివరికి 23 కుదిరేసరికి పెట్టెలో బావగారివంటూ మిగిలినవి రెండు లుంగీలు, ఒక దువ్వెన. ఆయనకి బట్టతల.

ఇక రూల్స్. ఇది మాత్రం వేళాకోళం కాదు. ఎండుకొబ్బరి చిప్పలు పెద్ద పెట్టెలో పెట్టకూడదు, నూనె ఎక్కువ కాబట్టి నిప్పంటుకుంటుందని నిషేధం. పవర్ బ్యాంకు పెద్ద పెట్టెలో వద్దు, చేతిసంచీలోనే. ఈమధ్య మన వైపు ప్రతి ఇంట్లోనూ పెట్టేస్తున్న నాటుకోడి పచ్చడి జపాన్‌లో అడుగు పెట్టడానికి వీల్లేదు. మాంసంతో చేసింది ఏదైనా సరే, చెంచాడైనా సరే, దాచి తెస్తే శిక్షలు గట్టివి. పచ్చి కరివేపాకు, మామిడిపళ్లు కూడా పెట్టెలో పెట్టుకుని దిగుతామంటే కుదరదు. నర్సాపురం వైపు నుంచి గల్ఫ్ వెళ్లేవాళ్లకైతే గసగసాలతోనే ప్రమాదం. దుబాయ్‌లో అవి మత్తుపదార్థాల లెక్క.

అసలు చిక్కు మందుల దగ్గర వచ్చింది. బావగారికి బీపీ, అక్కకి సుగరు. డాక్టరు చీటీ మీద కొనే మందులు నెల రోజులకు సరిపడా అయితే జపాన్‌లోకి మామూలుగా తీసుకెళ్లొచ్చు. అంతకు మించితే 'యున్యు కకునిన్‌షో' అనే అనుమతి పత్రం బయల్దేరకముందే తెప్పించుకోవాలి. పచ్చళ్ల గురించి పదిమంది సలహాలిచ్చారుగాని ఈ ముక్క ఒక్కరూ చెప్పలేదు. మిక్సీ గురించి కూడా అంతే. అక్కడ కరెంటు 100 వోల్టులు, మనది 230. పిన్ను మార్చే అడాప్టరు పిన్నునే మారుస్తుంది, వోల్టేజీని కాదు. మన మిక్సీ అక్కడ తగిలిస్తే పచ్చడి నలగదు.

ఇన్ని పచ్చళ్లు మోస్తున్నందుకు జపాన్‌వాళ్లని చూసి సిగ్గుపడాలేమో అనుకుంటూ ఉండగా మేనల్లుడు ఫోన్లో ఓ రహస్యం చెప్పాడు. "మావయ్యా, వీళ్లూ పచ్చడి పట్టుకెళ్తారు!" ఉమెబోషి అని, ఉప్పులో ఊరేసి ఎండబెట్టిన పుల్లటి పండు. పరాయి దేశపు తిండి తిన్నాక అది ఒకటి నోట్లో వేసుకుంటే ప్రాణం లేచొస్తుందట. మిసో చారు పొడి చిన్న చిన్న ప్యాకెట్లలో పెట్టుకుంటారు. తేడా అల్లా, వాళ్లు పూటకొకటి లెక్కన పట్టుకెళ్తారు, మనం తరానికొకటి లెక్కన.

ఇంకో చుట్టరికం ఉంది. అది చెప్పడానికి కాస్త మొహమాటం. మనవాళ్లు ఏ దేశం వెళ్లినా బట్టల మధ్య, ఎవరికీ కనపడకుండా ఒక ప్లాస్టిక్ మగ్గు పెట్టుకుంటారు. విమానం ఎక్కని వాళ్లకి కారణం తెలియకపోవచ్చు, ఎక్కి దిగినవాళ్లకి చెప్పక్కర్లేదు. కాగితంతో బతకలేం. జపాన్‌వాళ్లకీ అదే బాధ. టోటో కంపెనీ 1980లో నీళ్లు చిమ్మే వాష్‌లెట్ తెచ్చాక వాళ్లకి అది లేనిదే జరగదు. విదేశాలకి పట్టుకెళ్లడానికి బ్యాటరీతో నడిచే చేతి వాష్‌లెట్ కూడా అదే కంపెనీ అమ్ముతోంది. అది వాళ్ల మగ్గు. ఇంతటి సారూప్యం ఉన్న రెండు జాతుల మధ్య 1942 ఏప్రిల్ 6న బాంబుల వ్యవహారం ఎందుకొచ్చిందో! ఆ రోజు వాళ్ల విమానాలు విశాఖ, కాకినాడల మీద పడ్డాయి, పట్టికా గిట్టికా ఇవ్వకుండానే.

మన ప్రాంతం నుంచి జపాన్‌కి పద్ధతిగా వెళ్లిన ప్రాణి ఒక్కటే, రొయ్య. టైగర్ రొయ్య రోజుల్లోనే కైకలూరు, భీమవరం వైపు రైతులకి జపాన్ పేరు బాగా తెలుసు. తల తీయించుకుని, కడిగించుకుని, సైజు ప్రకారం వరసలో పడుకుని, మైనస్ 18 డిగ్రీల చలిలో, పరీక్షల కాగితాలన్నీ వెంటపెట్టుకుని అది బయల్దేరుతుంది. అయినా 2012లో మేతలో కలిపే ఎథాక్సిక్విన్ అనే మందు ఆనవాళ్లున్నాయని జపాన్‌వాళ్లు పట్టుకున్నారు. పది కోట్ల పాళ్లలో ఒక పాలు మించకూడదన్నారు. అంత పద్ధతిగల రొయ్యనే నిలబెట్టినవాళ్లు మా అక్క పెట్టెని ఊరికే వదుల్తారా అని నా భయం.

బయల్దేరే రోజు. రెండో యుద్ధం నాడే గూడెంలో విమానాల కోసం రన్‌వే వేశారు. ఇప్పుడు విమానం ఎక్కాలంటే మాత్రం రాత్రంతా రోడ్డు మీద కూర్చుని శంషాబాద్ పోవాలి. జపాన్‌లో ఇంటికొచ్చి పెట్టె తీసుకెళ్లి విమానాశ్రయంలో అప్పగించే టక్క్యూబిన్ ఏర్పాటు ఉందట, మనిషి చేతులూపుకుంటూ రైలెక్కి వెళ్తాడు. మనకి పెట్టె ఒంటరిగా వెళ్లడమేమిటి, అశుభం. ఇన్నోవాలో ప్రయాణికులు ఇద్దరు, సాగనంపేవాళ్లు ఆరుగురు, పులిహోర గిన్నె ఒకటి. హనుమాన్ జంక్షన్ దాటేసరికే గిన్నె ఖాళీ.

నరిటాలో ఏమీ కాలేదు. అధికారి ఆవకాయ డబ్బా చూసి, మూత వాసన చూసి, కళ్లనీళ్లు తుడుచుకుని పంపించేశాడట.

పదిహేను రోజులకి అక్క ఫోను. బయట జోరున వాన.

"ఒరేయ్ తమ్ముడూ, మీ బావకి నువ్వైనా చెప్పరా. గొడుగేసుకుని పార్కుకి బయల్దేరుతున్నారు."

"వానలో ఎందుకే?"

"ఇవాళ గురువారమట. ఆ కాగితంలో పార్కని రాసిచ్చామట. గవర్నమెంటువాళ్లు వచ్చి చూస్తే మనిషి ఇంట్లో ఉంటే బాగుండదట!"

వెనక నుంచి బావగారి గొంతు వినిపించింది: "బుధవారం మ్యూజియం సెలవు. ఆ సంగతి ఎవరికి రాసివ్వాలో అడుగు వాణ్ణి."