కాకినాడ తీరాన దిగిన బీఎంపీ ఆత్మకథ

బీఎంపీ-2 ట్యాంకు కాదు. ఒంటి మీద టరెట్, ముందుకు పొడుచుకొచ్చిన గొట్టం, కింద ట్రాకులు చూసి జనం ట్యాంకనే అంటారు. సైన్యంలో ఆ మాటకు వేరే అర్థముంది. ట్యాంకు ముఖ్యంగా శత్రువు ట్యాంకుతో తలపడుతుంది. బీఎంపీ పని సైనికుల్ని తుపాకీ గుండ్ల మధ్యనుంచి దాటించి, దిగాల్సిన చోట దింపి, వాళ్ళు ముందుకు నడుస్తుంటే వెనకనుంచి కాల్పులతో కాపు కాయడం. అందుకే దీన్ని పదాతి పోరాట వాహనం అంటారు. ఇక్కడ తన కథ చెప్పుకుంటున్నది అలాంటి ఒక బండి. సైనిక వాహనం చరిత్రంతా లాగ్‌బుక్కులో ఉంటుంది. తిరిగిన కిలోమీటర్లు, మార్చిన ఆయిలు, పేల్చిన గుండ్లు, అన్నీ ఆ పుస్తకంలో వాహనం పద్దు కిందే పడతాయి, ‘నేను’ అనే మాటకు అందులో చోటుండదు. ఈ ఆత్మకథ కూడా ఆ వరసలోనే సాగుతుంది.

ఈ బండి పుట్టిల్లు సంగారెడ్డి జిల్లా ఎద్దుమైలారం. అక్కడి ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ 1984లో మొదలైంది. అప్పట్లో మెదక్ ఎంపీ ఇందిరాగాంధీ, దేశ ప్రధానీ ఆమే. ఊరి పేరు ఎద్దుమైలారమైనా ఫ్యాక్టరీకి మెదక్ పేరే స్థిరపడింది. 1987లో సోవియట్ యూనియన్ నుంచి విడిభాగాలుగా వచ్చిన బండ్లను బిగించడంతో పని మొదలైంది, తర్వాత భాగాలు ఒక్కొక్కటిగా ఇక్కడే తయారవసాగాయి. ఇంజను చెన్నై పక్కనున్న ఆవడి నుంచి వస్తుంది. టరెట్ మీద పెట్టే కాంకర్స్ క్షిపణి హైదరాబాదు కేంద్రంగా ఉన్న భారత్ డైనమిక్స్‌ది. దాన్ని చేసే భానూరు యూనిట్ ఎద్దుమైలారానికి దగ్గర్లోనే ఉంది. సైన్యం కాగితాల్లో బండి పేరు సరథ్. జవాన్ల నోట మాత్రం బీఎంపీయే.

దీనికి ముందు తరం బీఎంపీ-1. 1967 నవంబరులో మాస్కో ఎర్రకూడలి కవాతులో అది కనిపించినప్పుడు పాశ్చాత్య సైన్యాలు ఉలిక్కిపడ్డాయి. అప్పటిదాకా సైనికుల్ని మోసే బండ్లంటే ఇనుప పెట్టెలే. మోసే బండే యుద్ధం కూడా చేయగలదన్న ఆలోచన కొత్త. 1973 అరబ్-ఇజ్రాయెల్ యుద్ధంలో దాని లోపాలు బయటపడ్డాయి. 73 మిల్లీమీటర్ల తుపాకీ నెమ్మదిగా పేలేది, గాలి వీస్తే గురి తప్పేది. అందుకే 1982లో లోకానికి కనిపించిన బీఎంపీ-2లో 30 మిల్లీమీటర్ల వేగవంతమైన ఫిరంగి పెట్టారు. దాని గొట్టాన్ని 74 డిగ్రీల దాకా పైకెత్తవచ్చు. లోయలో నిలబడి కొండ మీదికి కాల్చాల్సిన అఫ్గానిస్తాన్‌లో సోవియట్ సైనికులకు దాని విలువ తెలిసింది.

బరువు 14 టన్నుల పైచిలుకు. టీ-72 ట్యాంకు 40 టన్నులు దాటుతుంది. ఈ తేడాలోనే బీఎంపీ జాతకమంతా ఉంది. నీటి మీద తేలాలి కనక ఒళ్ళు పల్చగా ఉంచారు. ముందు భాగం చిన్న ఫిరంగి గుండ్లను ఆపుతుంది. పక్కలు రైఫిల్ తూటాలకు, గుండు పెంకులకు మాత్రమే ఓర్చుకుంటాయి. కింద మందుపాతర పేలితే లోపలున్నవాళ్ళకు ప్రాణాపాయమే. అఫ్గానిస్తాన్‌లో సోవియట్ సైనికులు ఈ సంగతి తొందరగానే గ్రహించి, లోపల కూర్చోవడం మానేసి బండి మీదెక్కి ప్రయాణించేవారు. కవచం వేసిన బండికి కవచం బయటే క్షేమమనుకున్నారు.

లోపల పదిమంది: నడిపేవాడు, కమాండరు, గన్నరు, ఏడుగురు పదాతి సైనికులు. ఏడుగురిలో ఒకడు డ్రైవరు వెనక కూర్చుంటాడు. మిగతా ఆరుగురు వెనక అరలో ముగ్గురు అటు, ముగ్గురు ఇటు, వీపులు ఎదురెదురుగా పెట్టి కూర్చుంటారు. ఒక్కొక్కరి ముందూ రైఫిల్ గొట్టం దూర్చే రంధ్రం. ఆ వీపుల నడుమ ఉన్నది డీజిల్ ట్యాంకు. చాలదన్నట్టు వెనక తలుపులు కూడా డొల్లగా చేసి వాటిలోనూ డీజిల్ నింపుతారు. ఒంట్లో జాగా లేక చేసిన ఏర్పాటిది. ఆ బల్ల మీద కూర్చునేవాడికి దాన్ని మెచ్చుకోవాలని అనిపించదు.

నీళ్ళలోకి దిగే ముందు తతంగం కొంత ఉంది. తలుపుల రబ్బరు పట్టీలు చూసుకోవాలి, అడుగున ఉన్న బిరడాలు బిగించాలి, లోపలికి చెమర్చే నీటిని తోడే పంపులు ఆడించి చూడాలి. ముక్కు మీద మడిచి ఉండే పలకను నిలబెట్టాలి. అది లేకపోతే అలలు బండి ముందు భాగం మీదికెక్కి ముంచేస్తాయి. పలక లేవగానే డ్రైవరుకు ఎదురుగా అది తప్ప మరేమీ కనిపించదు. అందుకే మామూలు పెరిస్కోపు తీసి పొడవాటిది బిగిస్తారు. ప్రొపెల్లరు, వాటర్ జెట్ ఏవీ లేవు. తిరిగే ట్రాకులే నీటిని వెనక్కి నెడతాయి. రోడ్డు మీద గంటకు 65 కిలోమీటర్లు పోయే బండి నీళ్ళలో 7 కిలోమీటర్లకు పడిపోతుంది. దీన్ని చేసినవాళ్ళు మనసులో పెట్టుకున్నవి ఐరోపా నదులు. సముద్రపు పెద్ద కెరటాలకు ఇది పడవ కాదు, ఆ బాధ్యత ఓడలదే.

ఈ బండి గోదావరి జిల్లాల మొహం చూసింది ఓడల వల్లే. కాకినాడ అఖాతానికి హోప్ ఐలాండ్ అడ్డుగా ఉంది. గోదావరి మోసుకొచ్చిన మేటతో పెరిగిన ఆ ఇసుక దిబ్బ పొడవు సుమారు 16 కిలోమీటర్లు, బంగాళాఖాతం ఉరవడి చాలావరకు దాని దగ్గరే ఆగిపోతుంది. ఓడలోంచి బండ్లను ఒడ్డుకు దింపే సాధనకు తూర్పు తీరంలో నౌకాదళం ఎంచుకున్న చోట్లలో కాకినాడ ఒకటి.

ఈ నేలకు యుద్ధం కొత్త కాదు. 1758 డిసెంబరులో పిఠాపురానికి దగ్గర చందుర్తి వద్ద ఇంగ్లీషు కల్నల్ ఫోర్డ్, విజయనగరం ఆనంద గజపతిరాజు కలిసి ఫ్రెంచివారిని ఓడించారు. ఫోర్డ్ తన తెల్ల సైనికులను ఎత్తుగా పెరిగిన చేను చాటున ఉంచాడు. ఆనాటికి సాయుధ శకటాలెక్కడివి, దొరికిన కవచం ఆ పంటే. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానవాహక నౌక రియూజో నుంచి లేచిన విమానాలు విశాఖతో పాటు కాకినాడ మీదా బాంబులు వేశాయి.

2019 నవంబరులో భారత, అమెరికా సైన్యాలు కలిసి విశాఖ, కాకినాడల్లో టైగర్ ట్రయంఫ్ విన్యాసం చేశాయి. మన వైపు నుంచి జలాశ్వ, ఐరావత్ నౌకలు, 19 మద్రాస్, 7 గార్డ్స్ పటాలాలు పాల్గొన్నాయి. అమెరికా వైపు నుంచి జర్మన్‌టౌన్ నౌక వచ్చింది. విన్యాసం కథాంశం యుద్ధం కాదు, విపత్తులో సాయం. 1996 నవంబరు 6 తుపానులో కోనసీమ ఏమైందో చూసిన జిల్లాలో ఆ కథాంశాన్ని ఎవరూ వింతగా అనుకోరు. 2023 జనవరి 17 నుంచి 22 వరకు జరిగిన ఆంఫెక్స్ విన్యాసం త్రివిధ దళాలది. 900 మందికి పైగా సైనికులు, శతఘ్నులు, సాయుధ వాహనాలు దానికి కాకినాడ వచ్చాయి.

దిగే పద్ధతి ఓడను బట్టి మారుతుంది. జలాశ్వ మొదట అమెరికా వారి ట్రెంటన్. 2007లో మన నౌకాదళంలో చేరింది. దాని వెనక భాగంలోకి సముద్రపు నీటిని రానిచ్చి, తలుపు దింపి, లోపలున్న చిన్న పడవల్ని బండ్లతో సహా బయటికి తేలుస్తారు. ఐరావత్ తీరు వేరు. అది తిన్నగా ఒడ్డుకొచ్చి, ముక్కు తలుపులు తెరిచి, వాలుబల్ల వేస్తుంది. ఎలా దిగినా బండికి అసలు పరీక్ష ఆఖరి పాతిక గజాలే. తేలుతున్న ట్రాకు నేలను అందుకునే క్షణంలో అడుగున గట్టి ఇసుక ఉందో, గోదావరి బురద ఉందో తెలియదు. లారీ అయితే అక్కడే కూరుకుపోతుంది. బీఎంపీ బరువు వెడల్పాటి ట్రాకుల మీద పరుచుకుని చదరపు సెంటీమీటరుకు 0.6 కిలోల దగ్గర ఉంటుంది కనక గీరుకుంటూ ఒడ్డెక్కుతుంది. పల్చని ఒంటికి దక్కిన లాభమిది. ఒడ్డెక్కాక మంచినీటితో కడగడం తప్పనిసరి. ట్రాకు పిన్నుల సందుల్లో, చక్రాల బేరింగుల దగ్గర ఉప్పు నిలిస్తే వారం తిరక్కుండా తుప్పు పట్టుకుంటుంది.

లోపల కూర్చునేవాళ్ళ సంగతికొస్తే, 1979లో మెకనైజ్డ్ ఇన్‌ఫంట్రీ రెజిమెంటు ఏర్పడినప్పుడు దాని మొదటి బెటాలియన్ అయింది పాత 1 మద్రాస్. 1776లో పుట్టిన పటాలం అది. మద్రాస్ రెజిమెంటు తెలుగువారు తరతరాలుగా చేరుతున్న రెజిమెంటు. తాడేపల్లిగూడెం దగ్గర మాధవరాన్ని ఇప్పటికీ మిలటరీ మాధవరమనే పిలుస్తారు. మొదటి ప్రపంచ యుద్ధానికి 90 మందిని, రెండో దానికి 1,110 మందిని పంపామని ఆ ఊరి లెక్క. వాళ్ళలో ఎక్కువమంది కాలినడకనే యుద్ధం చేసిన తరం. ఇనుప పెట్టెలో వీపులు ఎదురెదురుగా పెట్టి కూర్చుని పోయే పదాతి దళం వాళ్ళ మనవల కాలానిది.

ఈ బండి తోబుట్టువులు కొన్ని ఐక్యరాజ్యసమితి తెల్లరంగు పూసుకుని కాంగో వెళ్ళాయి. 2020లో చైనాతో ఉద్రిక్తత పెరిగినప్పుడు కొన్ని తూర్పు లద్దాఖ్ ఎక్కాయి; అక్కడి పల్చని గాలిలో ఇంజను బలం తగ్గుతుంది, డీజిల్ గడ్డకట్టకుండా చూసుకోవాలి. అదే ఏడాది జూన్‌లో రక్షణ శాఖ మెదక్ ఫ్యాక్టరీకి మరో 156 బీఎంపీ-2, దాని కమాండ్ రకమైన 2కే బండ్లు పురమాయించింది. విలువ సుమారు 1,094 కోట్ల రూపాయలు. 2021 అక్టోబరు 1న ఆయుధ కర్మాగారాలను ఏడు కంపెనీలుగా విడదీసినప్పుడు ఎద్దుమైలారం, ఆవడి కేంద్రంగా ఉన్న ఆర్మర్డ్ వెహికల్స్ నిగమ్ వాటాకు వచ్చింది. కొత్త బండ్లలో ఇంజను బలం 285 హార్స్‌పవర్, నీళ్ళలో వేగం మాత్రం ఆ 7 కిలోమీటర్లే.